పాలు పొయ్యని ఇల్లు

స్వామి పోయి నలభై రోజులు నిండకముందే ఆయన సమాధికి పాలడగడానికి రాజమణి వాకిట్లోకి నాలుగుసార్లు మనుషులు వచ్చారు. నాలుగోసారి వచ్చినవాళ్లను ఆమె కూర్చోమని కూడా అనలేదు.

గౌలిపురలో పాలవాళ్ల గల్లీ అది. పదీ పన్నెండు ఇళ్లు, ఇంటింటికీ వెనక కొట్టం, కొట్టంలో బర్రెలు. బీరయ్యవి పదకొండు. బర్రెలు బీరయ్యవని పేరేగాని, ఏది ఏ పూట ఎంత ఇస్తుందో, ఏది తన్నుతుందో, ఏది అలిగి పాలు బిగబట్టుకుంటుందో తెలిసింది అతని భార్య రాజమణికే. నలభై ఏళ్ల మనిషి. ఉన్న ఒక్క కూతురినీ భువనగిరిలో ఇచ్చి చేసింది. ఆమె పాలలో నీళ్లుండవని గల్లీలో పేరు. మాటలో మెత్తదనం కూడా ఉండదని చాటుగా అనుకునేవాళ్లూ ఉన్నారు.

స్వామి అంటే మూసీ ఒడ్డున ఆశ్రమం వేసుకుని ముప్పై ఏళ్లు పూజలందుకున్న తత్త్వబోధస్వామి. ఆయన పోయిన నలభై ఎనిమిదో నాడు సమాధికి పాలాభిషేకం చెయ్యాలని భక్తసంఘం తీర్మానించింది. గౌలిపుర పాలవాళ్లందరూ ఆ రోజు పొద్దుటి పాలు పూర్తిగా స్వామికే ఇవ్వాలి, ఊరేగింపుగా తీసుకెళ్లాలి. ఈ ఏర్పాట్లన్నీ నెత్తిన వేసుకున్నవాడు జగన్నాథం. తరతరాలుగా గుడి సేవలో ఉన్న ఇల్లు వాళ్లది. ఇప్పుడాయన సర్కారు దఫ్తరులో గుమాస్తా. మంచివాడే. ఆ మంచితనమే రాజమణి ప్రాణం తీసింది.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె, "బర్రెలు ఒట్టిపోతున్నయి పంతులూ, పాలు లెవ్వు" అంది.

"ఉన్నన్నే ఇయ్యమ్మా. చెంబెడైనా చాలు. మీ ఇంటి పేరు మీద పడాలె, అంతే" అన్నాడు జగన్నాథం.

రెండోసారి, అఫ్జల్‌గంజ్‌లోని ఇరానీ హోటలుకు పొద్దుటి పాలు ఒక్కరోజు తప్పినా హోటలాయన మళ్లీ తమ ముఖం చూడడని చెప్పింది. జగన్నాథం సైకిలెక్కి నేరుగా అఫ్జల్‌గంజ్ పోయాడు. సాయంత్రానికి తిరిగి వచ్చి, "హోటలాయనతో మాట్లాడిన. 'కోయీ బాత్ నహీ, ఏక్ దిన్ కీ బాత్ హై' అన్నడు, ఒక్క దినమే గద అని. ఇగ నీకు ఫికరే లేదు" అని సంబరంగా చెప్పాడు.

మూడోసారి కాలు బెణికిందంది, గొంతుక్కూర్చుని పాలు పిండలేనంది. మర్నాడు తెల్లవారేసరికి కులపెద్ద ఓదెలు కోడళ్లిద్దరూ చెంబులు పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. "ఆ దినం మేం పిండిపెడ్తం అక్కా, నువ్వు కూసోని సూడు" అన్నారు. ఆ రోజంతా రాజమణి లేని కుంటు కుంటుతూ కొట్టంలో తిరగాల్సి వచ్చింది.

నాలుగోసారి, భువనగిరిలో మేనత్త పోయింది, మైల ఉంది అంది. మేనత్త నిజంగానే పోయింది. జగన్నాథం అక్కడే అరుగు మీద చతికిలబడి సంచీలోంచి పంచాంగం తీశాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. "అభిషేకానికి రెండు దినాల ముందే మైల ఇడుస్తది. స్వామి కృప చూడు" అని చేతులు జోడించాడు.

రాజమణికి గోడకేసి తల బాదుకోవాలనిపించింది. ఆయన తల బాదినా బాగుండుననిపించింది. వద్దు అనే మాట ఇంత చిన్నది కదా, దాన్ని వినడం వీళ్లకెందుకింత కష్టం? అప్పుడు ఆ లోపలి గదిలో కూడా ఆమె అన్నది అదే మాట.

పద్దెనిమిదేళ్ల కిందటి సంగతి అది. ఆమెకప్పుడు ఇరవై రెండేళ్లు. మొదటి కాన్పులో బిడ్డ చచ్చి పుట్టింది. ఆ తర్వాత ఆమెకు నిద్ర పట్టేది కాదు, తలనొప్పితో గోడకానుకుని కూర్చునేది. అత్త ఆగమ్మ ఆమెను ఆశ్రమానికి తీసుకెళ్లింది. ఇరవై ఒక్క రోజులు సేవ చేస్తే అన్నీ కుదుటపడతాయన్నారు. ఊడ్చింది, పూలు కట్టింది, గిన్నెలు తోమింది. పదహారో రోజున చెవిలో మంత్రం చెబుతానని స్వామి లోపలి గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. ఆమె వద్దంది. వద్దు వద్దని అరిచింది. బయట భజన జరుగుతోంది. అంతా అయ్యాక ఆయన చేతులు కడుక్కుని, ఒక కొబ్బరిచిప్ప ఆమె ఒళ్లో వేసి, ఎవరికైనా చెబితే కడుపు ఇక ఎన్నటికీ పండదన్నాడు.

ఆమె చెప్పింది. ఇంటికి తిరిగి వస్తుంటే టాంగాలో అత్తకు చెప్పింది. ఆగమ్మ ఆమె నోటి మీద చెయ్యి అదిమిపెట్టి, శాలిబండ దాటేదాకా తియ్యలేదు. "నాకు జెప్పినవ్, అయిపోయింది. ఇగ ఎవ్వలకు జెప్పకు" అంది. రాజమణి ఎవరికీ చెప్పలేదు. కాని ఆనాటి నుంచి ఆమె గది తలుపు మూసి పడుకోలేదు. పుష్యమాసపు చలిలోనైనా సరే, తలుపు బార్లా తెరిచే ఉండాలి. వెనక నుంచి ఎవరైనా వచ్చి భుజం తడితే చేతిలో ఏముంటే అది విసిరేది. గుడికి రమ్మంటే రాదు, భజనకు రమ్మంటే రాదు. మొండిది, పొగరుది అన్నారు. అననీ అని ఊరుకుంది.

ఇప్పుడాయన చచ్చిపోయాడు. చచ్చీ ఆమె పాలడుగుతున్నాడు.

జగన్నాథం పంచాంగం మూసుకుని వెళ్లిన మధ్యాహ్నం బీరయ్య కొట్టంలోకి వచ్చాడు. బర్రెలకు గడ్డి విప్పుతూ, నెమ్మదిగా, భార్య ముఖం చూడకుండా, "ఇస్తే అయిపాయె గదనే. పాలే గద. ఊకె లొల్లి ఎందుకు?" అన్నాడు.

రాజమణి గంపలో తౌడు కలుపుతోంది. జర్మన్ యుద్ధం పుణ్యమా అని తౌడు దొరకడమే గగనంగా ఉంది. ఆమె తల ఎత్తకుండా, "ఎందుకు ఇయ్యనంటున్ననో నీకేం ఎరుక?" అని విసుక్కుంది. అతనికి తెలియదనే నమ్మకంతో అన్న మాట అది.

బీరయ్య చేతులు గడ్డిమోపు మీద ఆగిపోయాయి. తర్వాత, "ఎరికే" అన్నాడు.

"ఏం ఎరికె?"

"అమ్మ జెప్పింది. గప్పుడే. నువ్వు ఆశ్రమం కెల్లి వచ్చిన నాల్గో దినం."

రాజమణి మెల్లగా లేచి నిలబడింది. పద్దెనిమిదేళ్లు! ఈ మనిషి పక్కన పడుకుంది, ఈ మనిషికి వండిపెట్టింది. ఇతనికి తెలిస్తే ఏమవుతుందోనని వణుకుతూ ఎన్నిసార్లు మాట మింగింది! ఇతను మాత్రం అన్నీ తెలిసి, ముద్ద కలుపుకుని తిన్నాడు.

"ఎరికై గూడ అడుగకపోతివా?"

"నువ్వు బాధ పడ్తవని..."

"మరి తలుపు? నేను తలుపెందుకు తెరిచిపెడ్తనో ఎరికై గూడ ఏటేటా చలి చలి అని నా పానం దీస్తివి గదయ్యా!"

బీరయ్య బిక్కమొహం వేశాడు. "చలి నిజంగనే ఉంటది గదనే" అన్నాడు.

రాజమణి తౌడుగంప ఎత్తి అతని నెత్తిన బోర్లించింది. తౌడు అతని మీసాల్లో, చెవుల్లో, అంగీ లోపల నిండిపోయింది. పక్కనున్న బర్రె మెడ సాచి అతని భుజం నాకడం మొదలుపెట్టింది. అతను కదలకుండా అలాగే నిలబడ్డాడు. ఆమెకు ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు. ఎంత తౌడు పోయిందో చూసి ఇంకా మండింది. చివరికి ఇద్దరూ గొంతుక్కూర్చుని, నేల మీది తౌడంతా చేత్తో ఎత్తి మళ్లీ గంపలో పోశారు.

జగన్నాథం దఫ్తరుకు సెలవని శుక్రవారం పొద్దున ఓదెలు వాకిట్లో పంచాయతీ పెట్టారు. ఓదెలుకు డెబ్బై దాటాయి. గల్లీలో పెళ్లయినా తగువైనా ఆయన మాటే చివరిమాట. మగవాళ్లు చాపల మీద కూర్చున్నారు, ఆడవాళ్లు గడపల దగ్గర నిలబడ్డారు. జగన్నాథానికి పీట వేశారు. రాజమణి వాకిలి మధ్యలోకి వచ్చి నిలబడింది. బీరయ్య ఆమెకు నాలుగడుగుల దూరంలో, ఎటు చూడాలో తెలియక వేపచెట్టు కొమ్మలు చూస్తున్నాడు.

"ఏందమ్మా, అందరు ఇస్తున్నరు, నీ ఒక్కదానికేం వచ్చింది?" అన్నాడు ఓదెలు.

"మామా, బర్రెలు ఒట్టిపోతున్నయంటిని. ఉన్నన్నే ఇయ్యమన్నరు. హోటలంటిని. హోటలాయన తోని మాట్లాడొచ్చిన్రు. కాలంటిని. నీ కోడండ్లను తోలినవ్. మైలంటిని. పంతులు పంచాంగం దీసిండు." రాజమణి ఊపిరి పీల్చుకుంది. "కాలు, బర్రెలు అబద్ధాలే. ఒప్పుకుంటున్న. నిజమొక్కటే మిగిలింది. గా స్వామి నన్ను మంత్రం ఇస్తనని అర్రలకు పిలిచి, తలుపేసి చెరిచిండు. నేను వద్దన్న. ఒర్రిన. గందుకే ఇయ్య. ఇగ దీనికేం ఉపాయం జేస్తరో జెయ్యిండ్రి."

ఎవరో దగ్గారు. ఒకామె పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జగన్నాథం "శివ శివ" అని రెండు చెవులూ మూసుకున్నాడు. వెనక నుంచి ఒక మగగొంతు, "గిదంత ఇప్పుడెందుకు? మనిషి పోయినంక!" అంది. ఇంకొకరు, "బతికున్నప్పుడు జెప్పాలె గద" అన్నారు.

రాజమణి అటు తిరిగింది. "బతికున్నప్పుడు జెప్తే ఏమంటుంటివి? స్వామి మీద గసొంటి మాటలా అంటుంటివి. సచ్చినంక జెప్తే సచ్చినోని మీదనా అంటున్నవ్. మరి ఎప్పుడు జెప్పాల్నో గది గూడ పంచాంగం జూసి మీరే జెప్పిండ్రి!"

ఓదెలు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. ఆయనకు ఇదంతా ఎంత త్వరగా ముగిస్తే అంత మంచిదన్నట్టుంది. "సాక్షం ఎవరన్న ఉన్నరా బిడ్డా?"

"మా అత్త. నన్ను తోల్కపోయింది ఆమెనే. ఆ దినమే ఆమెకు జెప్పిన."

ఆగమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. నడుం వంగిన ముసలిది, కాని చూపు, చెవులు ఖాయంగా ఉన్నాయి. ముప్పై ఏళ్ల కిందట మూసీ పొంగినప్పుడు కొట్టుకుపోయిన బర్రెల పేర్లు ఒక్కొక్కటే చెప్పగల మనిషి. ఆమె ఓదెలును చూసింది, జగన్నాథాన్ని చూసింది. కోడలిని చూడలేదు.

"నాకేం యాదికి లేదు. ముసల్దాన్నయితి" అంది.

వాకిలంతా ఒక్కసారి తేలికపడినట్టయింది. రాజమణికి కోపం నెత్తికెక్కి, అక్కడే నిలిచిపోయి, ఇక ఎటు పోవాలో తెలియనట్టు చల్లబడిపోయింది. ఒక్క బర్రె పేరు మరవని మనిషి!

"ఇష్టముంటే పాలియ్యి, లేకుంటే లేదు" అని ఓదెలు తీర్పు చెప్పాడు. "కని గీ ముచ్చట గీడ్నే ఇడిసిపెట్టు."

"ఇడిసేపెట్టిన గద మామా. పద్దెనిమిదేండ్లు నోరు మెదపలే. మీరే నాలుగుసార్లు నా వాకిట్లకు వచ్చిన్రు" అని రాజమణి వచ్చిన దారినే ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం నల్లా దగ్గర ఆమెకు చోటిచ్చి ఆడవాళ్లు పక్కకు జరిగారు. అంత మర్యాద ఎప్పుడూ లేదు. బిందె నిండేదాకా అందరూ నల్లానే చూశారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వెనక సందులోంచి ఎవరో కొట్టంలోకి వచ్చిన అలికిడైంది. వచ్చింది జగన్నాథం భార్య సూర్యప్రభ. ఎప్పుడూ ముందు వాకిలి నుంచి తప్ప రాని మనిషి. చేతిలో చిన్న ఇత్తడి గిన్నె ఉంది. తోడుకు మజ్జిగ కావాలంది. మజ్జిగ పోయించుకుంది. పోయించుకుని కదలలేదు.

"నిన్నటి నుంచి మా ఇంట్ల అదే మాట. మా వారు నిన్నే తిడుతున్నరు" అంది.

"అయితే మిగిలింది మీరు తిట్టిపోవుటానికి వచ్చిన్రా అమ్మా?"

"కాదు." సూర్యప్రభ గిన్నెను రెండు చేతులతో పట్టుకుంది. "రాజమణీ, నాకు గూడ అట్లనే అయింది."

రాజమణి వినపడనట్టు చూసింది.

"పన్నెండేండ్లయింది. చాతుర్మాస్యంల వంట చేసిపెట్టమని మా వారే పంపిన్రు. నాకప్పుడు ఇరవై ఆరు. ఎవరికీ చెప్పలే. ఈ మాట బయటికి అనుడు ఇదే మొదలు."

ఇలాంటి మాట వినగానే అయ్యో అనాలి, చెయ్యి పట్టుకోవాలి. రాజమణికి ముందు వచ్చింది పట్టరాని కోపం. "మరి నిన్న ఏడున్నవ్?" అంది. మీరు అనే మర్యాద ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియలేదు. "గంత మందిల నేనొక్కదాన్నే నిలబడి ఒర్రుతుంటే నువ్వు ఇంట్ల కూసుంటివా? పన్నెండేండ్ల సంది రోజు నా వాకిట్లకెల్లే పోతున్నవ్, ఒక్కనాడన్న నోరు తెరవకపోతివి! నేనొక్కదాన్నే అనుకుంటి. గల్లీ మొత్తంల నాకొక్కదానికే ఏదో దరిద్రం పట్టిందనుకుంటి!"

"నేను గూడ నాకొక్కదానికే అనుకున్న" అంది సూర్యప్రభ.

ఆ మాటకు రాజమణి పక్కనే తిరగేసిన గంప మీద కూలబడింది. సూర్యప్రభ కూడా మడి, మైల చూసుకోకుండా ఎదురుగా గడ్డిమోపు మీద కూర్చుంది. కాసేపటికి రాజమణి వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్దెనిమిది, పన్నెండు. ఆమె ముఖం మారిపోయింది.

"నా తర్వాత ఆరేండ్లకు. నేను గప్పుడే జెప్పి ఉంటే నువ్వు..."

"నువ్వు చెప్పినవు గద."

"ఏడ జెప్పిన?"

"మీ అత్తకు చెప్పినవు. అదే దినం చెప్పినవు. నిన్న అందరి ముందర అన్నవంట గద, మా వారే చెప్పిన్రు. ఆమె నోరు మూసింది. నువ్వు మూసుకోలే. ఇంకేం చెయ్యాలె నువ్వు? ఇరవై రెండేండ్ల పిల్లవు."

పద్దెనిమిదేళ్లుగా రాజమణి ఈ సంగతిని ఎన్ని విధాల తిప్పి తిప్పి చూసిందో! ఎందుకు పోయాను, ఎందుకు ఆ గదిలోకి అడుగుపెట్టాను, ఇంకా గట్టిగా ఎందుకు అరవలేదు అని ప్రతి వైపు నుంచీ తనను తాను తిట్టుకుంది. తను చెప్పింది అనే మాట మాత్రం ఒక్కసారీ తట్టలేదు. చెప్పింది. ఆ రోజే, దారిలోనే, మొదటి మనిషికే చెప్పింది. విననిది అవతలివాళ్లు.

అప్పుడు ఏడుపు వచ్చింది. దానికీ ఆమెకు విసుగే. "ఇదొకటి" అని కొంగుతో ముఖం రుద్దుకుంది.

"నీకు నిద్ర పడుతదా?" అంది సూర్యప్రభ.

"తలుపు తెరిచి ఉంటే పడ్తది. నీకు?"

"నాకు పడుతది. కని ఎవరు పళ్లెంల కొబ్బరిముక్క పెట్టినా వాంతి అయితది. అత్తగారు బతికున్నన్ని దినాలు, దేవుని ప్రసాదం కక్కుతున్నవని తిట్టిందే తిట్టుడు."

రాజమణి ముక్కు చీదింది. "నాకు గూడ గా కొబ్బరిచిప్పే ఇచ్చిండు ముండాకొడుకు" అంది. సూర్యప్రభ అంత మాట జీవితంలో ఎప్పుడూ విని ఉండదు. ముందు ఉలిక్కిపడింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో, మళ్లీ ఎక్కడ నవ్వయిందో ఇద్దరికీ తెలియలేదు. చుట్టూ బర్రెలు నెమరు వేస్తూ నిలబడ్డాయి.

లేచేటప్పుడు రాజమణి అడిగింది: "పంతులుకు జెప్తవా?"

"ఏమో. చెప్తే ఆయన ముందుగాల స్వామిని కాపాడుతరో నన్నో, నాకు తెల్వదు. తెల్సుకోవాల్నంటే భయమయితది." గిన్నెలో మజ్జిగ సగం ఒలికిపోయింది. మళ్లీ పోయించుకుని వెళ్లిపోయింది.

అభిషేకం రోజు తెల్లవారుతుండగా బాజాలు మొదలయ్యాయి. బీరయ్య పాలు పిండాడు. రాజమణి అతనితో మాట మానేసి పది రోజులయింది. ఈ పదిరోజుల్లో అతను చేసిందల్లా ఒక్కటే. రాత్రిళ్లు గాలికి తలుపు మూసుకుపోకుండా ఒక రాయి తెచ్చి అడ్డం పెట్టాడు, ఇంకో గొంగడి కొనుక్కుని కప్పుకున్నాడు. మంచిదే. అయినా ఈ రోజు ఏం చేస్తాడో ఆమెకు తెలియదు. చాటుగా రెండు బిందెలు ఊరేగింపులో కలిపేసి వచ్చి, పోనీలే అంటాడేమోనని ఆమె అనుమానం. అందుకే వెళ్లి ముందరి అరుగు మీద కూర్చుని, చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

కాసేపటికి సూర్యప్రభ వచ్చింది. ఈసారి ముందు దారినే వచ్చింది. ఊరేగింపులో ఆడవాళ్ల ముందు హారతి పళ్లెం పట్టుకోవాల్సిన మనిషి, పాత చీరలో వచ్చి రాజమణి పక్కన కూర్చుని, చేటలో సగం పప్పు తన వైపు లాక్కుంది.

"చెప్పినవా?" అంది రాజమణి.

"లేదు. పోనంటే పోనన్న. ఎందుకు అన్నరు. మీకే తెలుస్తది అన్న."

ఇంకాసేపటికి గల్లీ చివరింటి రుక్మాబాయి వచ్చింది. యాభై దాటిన విధవరాలు. మూడు బర్రెలతో బతుకుతోంది. అరుగు అంచున ముడుచుకుని కూర్చుంది. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. రాజమణి గుప్పెడు పప్పు ఆమె ముందు పోసింది.

ఊరేగింపు గల్లీలోకి తిరిగింది. బాజాలు, వెనక పూలు చుట్టిన పాలబిందెలు, అన్నిటికీ ముందు పట్టుపంచెలో జగన్నాథం. అరుగు మీద తన భార్య కనిపించగానే ఆయన అడుగు తడబడింది. సూర్యప్రభ తల దించలేదు. ఆయన ఏదో అనబోయాడు. వెనకవాళ్లు తోసుకొస్తున్నారు, ముందుకు నడవక తప్పలేదు. నాలుగడుగులకొకసారి వెనక్కి తిరిగి చూస్తూ పోయాడు.

అప్పుడే పక్కసందులోంచి సైకిలు తోసుకుంటూ బీరయ్య బయటికి వచ్చాడు. రెండు వైపులా నిండు పాలక్యాన్లు. ఊరేగింపు పోతున్నది ఆశ్రమం వైపు, అతను తిరిగింది అఫ్జల్‌గంజ్ వైపు. సందు ఇరుకు. అందరికీ ఎదురు పోవాలి.

"ఏయ్ బీరన్నా! ఇటు, ఇటు!" అని ఎవరో కేకేశారు.

"హోటలుకు ఆలస్యమయితున్నది" అన్నాడు బీరయ్య. ఎవరి ముఖమూ చూడకుండా, చెమటలు కక్కుతూ, జరుగుండ్రి జరుగుండ్రి అని గొణుగుతూ, మొత్తం ఊరేగింపుకు ఎదురుగా సైకిలు నెట్టుకుపోయాడు. అంత మందిలో అతని నోట ఒక్క గట్టి మాట రాలేదు. రాజమణి కళ్లు చికిలించి చూసింది. ఈ మాత్రానికి పద్దెనిమిదేళ్లు పట్టిందని ఒళ్లు మండింది. అయినా మధ్యాహ్నం అతను తిరిగి వచ్చాక, "అన్నం బెట్టిన, తిను" అని పది రోజుల తర్వాత మొదటి మాట అంది.

ఆ తర్వాత సూర్యప్రభ వారానికి రెండు మూడుసార్లు వచ్చేది. రుక్మాబాయి కూడా వచ్చేది. తనకేం జరిగిందో ఎప్పుడైనా చెప్పిందో లేదో ఆ ముగ్గురికే తెలుసు, పప్పో బియ్యమో ఏరుతూ కూర్చునేది. జగన్నాథం నెలన్నర పాటు రాజమణి ఇంటి ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి దఫ్తరుకు పోయాడు. భార్యను మాత్రం రావద్దనలేదు. ఆమె చెప్పిందో, ఆయనే అర్థం చేసుకున్నాడో, సూర్యప్రభ అనలేదు. రాజమణీ అడగలేదు.

మిగిలింది ఆగమ్మ. పంచాయతీ నాటి నుంచి ముసలిది కోడలి చేతి అన్నం తింటూ కోడలి ముఖం చూడటం లేదు. ఒక మధ్యాహ్నం రాజమణి ఆమె జడ విప్పి నూనె రాస్తుంటే, ముసలిది ముందుకు చూస్తూనే అంది: "టాంగాల శాలిబండ దాక నీ నోరు మూసిన. నీ పండ్లు నా అరచేతిల దిగినయి."

రాజమణి చెయ్యి ఆగింది. "యాదికి లేదంటివి గదత్తా?"

"ఉన్నది."

"మరి ఆ దినం ఎందుకు అబద్ధమాడినవ్?"

"నేనే తోల్కపోయిన గదనే బిడ్డా. యాదికున్నదంటే, తోల్కపోయింది నేనే అని అందరి ముందర ఒప్పుకోవాలె." ముసలిది ఒళ్లోని చేతులు జోడించింది. "నన్ను మాఫ్ జెయ్యి."

ఆ మాట కోసం ఎన్నేళ్లు ఎదురుచూసిందో రాజమణికే తెలుసు. తీరా వచ్చేసరికి ఆమెకు పట్టలేని చిరాకు పుట్టింది. "నా చెవుల జెప్తే ఏమొస్తదత్తా? నాకు ఎరుక లేని ముచ్చటనా ఇది? అబద్ధం ఓదెలు మామ వాకిట్ల ఆడినవ్, నిజం గూడ ఆడికే పోయి జెప్పు. మాఫీ సంగతి తర్వాత సూస్త" అని జడ బిగించి అల్లి లేచిపోయింది.

మర్నాడు పొద్దున పాలు పోసి వచ్చేసరికి మంచంలో ఆగమ్మ లేదు. రాజమణి వీధిలోకి వచ్చి చూసింది. ముసలిది కర్ర పొడుచుకుంటూ గల్లీలో ఒక్కతే పోతోంది. కొంగు జారిపోతోంది, సర్దుకోవడానికి ఆగుతోంది, మళ్లీ నడుస్తోంది. నాలుగిళ్ల అవతల ఓదెలు ఇంటికి కుడివైపు తిరగాలి. ఆమె తిరగకుండా నేరుగా పోతోంది.

"దారి గూడ మరిచినట్టు జేస్తున్నదా ఏంది?" అని రాజమణి గొణిగి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, గబగబా వెనక నడిచి, ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఇటత్తా, ఇటు."

ఓదెలు అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. పంచాయతీ అయిపోయిన ముచ్చటకు ఇప్పుడు సాక్షం ఏంది, మళ్లొకనాడు రాండ్రి అన్నాడు. ఆగమ్మ పోలేదు. ఆయన నోట్లో వేపపుల్లతోనే వినాల్సి వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఏ సంవత్సరం, ఏ నెల, టాంగావాడి పేరు, టాంగా గుర్రం రంగు, కోడలు ఏమన్నది, తనేం చేసింది. ఓదెలు కోడళ్లిద్దరూ గడపలో నిలబడి విన్నారు. అంతా అయ్యాక ఓదెలు వేపపుల్ల పారేసి, "గప్పుడు నేను గీ ముచ్చట గీడ్నే ఇడిసిపెట్టుమన్న. అనకుంటే బాగుండు" అన్నాడు. అంతకంటే ఎక్కువ అనడం ఆయనకు చేతకాలేదు.

తిరుగుదారిలో ఆగమ్మ ఆయాసపడుతూ, "ఇప్పుడు మాఫ్ జేసినవా?" అంది.

"తొందర పెట్టకత్తా" అంది రాజమణి. "మెల్లగ నడువు. కింద రాళ్లున్నయి."